తోడికోడలి సర్వీసు

"చిన్నదాని బట్టలు కాస్త నీడన ఆరెయ్యమ్మా, రంగు వెలిసిపోతాయి. శుక్రవారం దానికి పెద్ద మీటింగు ఉందట," అంది అత్తగారు హాల్లో కుర్చీలోంచి.

బాల్కనీలో తీగ మీద తడిబట్టలు వేస్తున్న పెద్దకోడలి చెయ్యి ఆగింది. ఆ మీటింగు తనకీ ఉంది. ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, ఒకటే గది, శుక్రవారం కూర్చోబోయేది ఒకే బల్ల చుట్టూ. ఆ సంగతి అత్తగారికి తెలియక కాదు, తెలిసినా గుర్తుండదు. చిన్నదాని నీలం చొక్కాని దులిపి, నీడ పడే మూలకి జరిపి క్లిప్పులు పెట్టింది. కాస్త గట్టిగానే పెట్టింది. భుజాల మీద నొక్కులు పడితే పడనీ అనుకుంది. అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా క్లిప్పులు మాత్రం సర్దలేదు.

ఆమె ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్ళు. వచ్చిన ఏడాదే ఉద్యోగంలో చేరింది. ఊళ్ళోని రక్తనిధులకీ ఆసుపత్రులకీ మధ్య కబురు నడిపే ఆఫీసు అది. ఫలానా గ్రూపు రక్తం ఉందా, ఎక్కడ ఉంది అని ఆసుపత్రివాళ్ళు తమ కంప్యూటర్లోంచి అడుగుతారు. ఆఫీసులోని అప్లికేషన్ సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ మీద నడిచే ప్రోగ్రాం, సర్వీసు అంటారు దాన్ని, ఆ ప్రశ్న అందుకుని, నిల్వల డేటాబేస్‌లో చూసి, ఉందనో లేదనో చెబుతుంది. ఆ సర్వీసులు రాసేవాళ్ళు వేరే. వాటిని సర్వర్ మీదికి ఎక్కించడం, దించడం, పడిపోతే లేపి కూర్చోబెట్టడం, అసలు ఎక్కించే ముందు రకరకాల ప్రశ్నలు అడిగి, బరువు మోపి, లింకులు తెంపి, అవి ఎక్కడ తడబడతాయో చూడటం ఆమె పని. ఆమె సరే అంటే గానీ ఏదీ ముందుకు కదలదు. అందుకని ఆఫీసులో కుర్రకారు ఆమెకి బ్రేకమ్మ అని పేరు పెట్టారు. ఆమె వింటుండగానే అనేవాళ్ళు. ఆమె కూడా నవ్వేసేది.

ఇంట్లో ఆ పేరు కూడా లేదు. "ఎవరో వండిన దాంట్లో ఉప్పు తక్కువైందని చెప్పడానికి నీకు జీతమిస్తున్నారు, అదృష్టమంటే నీదే," అన్నాడొకసారి ఆమె భర్త, తింటూ తింటూ. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. ఆ ఉప్పు ఉద్యోగం ఆయన ఇంట్లో రెండు పూటలా జీతం లేకుండానే చేస్తున్నాడన్న జవాబు మాత్రం వారం తర్వాత గిన్నెలు తోముతుంటే తట్టింది. అప్పటికి వినడానికి అక్కడ ఎవరూ లేరు. ఆమె జవాబులన్నీ అలా సింకు దగ్గరే పుట్టి సింకులోనే పోయేవి.

అయినా ఇన్నేళ్ళూ ఆమెకి ఎవరి మీదా కుళ్ళు లేదు. బతుకంటే ఇదే కాబోలు, అందరూ ఇలాగే ఉంటారు కాబోలు అనుకునేది. రెండేళ్ళ కిందట మరిదికి పెళ్ళయి చిన్నకోడలు ఇంట్లో అడుగుపెట్టాక తెలిసింది, ఇంకోలా కూడా ఉండొచ్చని. అదీ కళ్ళెదురుగా, తన ఇంట్లోనే, పక్క గదిలో.

చిన్నది మొగుణ్ణి నువ్వు అంటుంది. మరీ ముద్దొస్తే ఒరేయ్ అంటుంది. అత్తగారు పమిట అడ్డం పెట్టుకుని నవ్వుకుంటుంది. పెద్దకోడలు కొత్తలో ఒకసారి పొరపాటున నువ్వు అన్నందుకు ఇదే అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. చిన్నది ఆఫీసు నుంచి రాగానే కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. "తల పగిలిపోతోంది అత్తయ్యా" అంటే, "మెదడుతో చేసే పని కదమ్మా" అని అత్తగారే నీళ్ళు తెచ్చిస్తుంది. అదే ఆఫీసు నుంచి, అదే బస్సులో, అదే తలతో వచ్చిన పెద్దకోడలు బ్యాగు కింద పెట్టకముందే వంటింట్లో దీపం వేస్తుంది. ఎదురింటావిడతో అత్తగారు చెప్పుకుంటుంటే ఒకసారి చెవిన పడింది. "మా ఇంటికీ ఉద్యోగం చేసే కోడలు వచ్చిందండీ," అంటోంది. "మరి మీ పెద్దకోడలూ వెళ్తుందిగా?" అందావిడ. "వెళ్తుందనుకోండి," అంది అత్తగారు.

ఆ 'అనుకోండి' చాలాకాలం ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

నిజానికి ఆ ఉద్యోగం చిన్నదానికి ఇప్పించింది తనే. పెళ్ళయిన కొత్తలో అది ఉద్యోగం దొరక్క గదిలో ముఖం ముడుచుకుని కూర్చుంటే, మేనేజర్‌తో మాట్లాడి తీసుకెళ్ళింది. సర్వర్ ఎలా నడుస్తుందో, సర్వీసు పడిపోతే ముందు ఏం చూడాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఏడాది తిరిగేసరికి చిన్నది సర్వీసులు రాసే జట్టులోకి వెళ్ళింది. ఈ మధ్య నిల్వల సర్వీసు మొత్తం కొత్తగా రాసే పని దానికే అప్పజెప్పి, నలుగురి మీద లీడ్‌ని చేశారు. ఆ కబురు తెచ్చిన రోజు ఇల్లంతా పండగలా ఉంది. పెద్దకోడలి కూతురు, బడికెళ్ళే పిల్ల, పిన్ని మెడ చుట్టూ చేతులు వేసి, "నేనూ పెద్దయ్యాక పిన్నిలా కొత్తవి తయారుచేస్తాను. అమ్మలా తప్పులు వెతకను," అంది. భర్త గట్టిగా నవ్వి పిల్ల బుగ్గ గిల్లాడు.

ఆ క్షణంలో పెద్దకోడలికి కడుపులో ఏదో పొయ్యి రాజుకున్నట్టయింది. పరాయి ఆడపిల్ల మీద కాదు, తను చెయ్యి పట్టుకుని నడిపించిన పిల్ల మీద. ఇది మంచిది కాదని తెలుస్తూనే ఉంది. కానీ కుళ్ళుకి మంచీచెడూ చెబితే వింటుందా? చిన్నది నవ్వితే కుళ్ళు, నిద్రపోతే కుళ్ళు, తిన్న పళ్ళెం తిన్నచోటే వదిలేసి ఫోను చూసుకుంటూ లేచిపోతే మరీ కుళ్ళు. ఆ పళ్ళెం తీస్తూ, పిల్ల ఎంత తేలిగ్గా లేచిపోయిందో అని చూసేది. ఆ తేలిక ఒక్కరోజైనా తన ఒంటికి వస్తే ఎలా ఉంటుందో అని ఊహించుకునేది. ఊహకి కూడా అందేది కాదు, ఎంగిలి చెయ్యి అడ్డొచ్చేది.

బుధవారం మధ్యాహ్నం చిన్నదాని కొత్త సర్వీసు ఆమె దగ్గరికి పరీక్షకి వచ్చింది. పాతది నత్తనడక నడిచేది. ఇది అడిగీ అడగకముందే జవాబు చెబుతోంది. ఆమె వందల ప్రశ్నలు ఒక్కసారి మీద పడేసింది, తొణకలేదు. లేని గ్రూపు పేరు పెట్టి అడిగింది, అలాంటిది లేదని మర్యాదగా చెప్పింది. ఖాళీ ప్రశ్న పంపింది, సరిగా అడగమంది. మామూలుగా అయితే ఇంత బాగా రాసినవాళ్ళని పిలిచి భుజం తట్టేది. ఆ రోజు మాత్రం పళ్ళు బిగించి ఇంకా ఇంకా వెతికింది. ఎప్పుడూ తప్పు ఉందేమోనని వెతికే మనిషి, ఆ రోజు తప్పు ఉండాలని వెతికింది. ఆ రెండిటికీ తేడా ఆమెకి తెలుసు.

చివరికి పరీక్ష సర్వర్ మీద, సర్వీసుకీ డేటాబేస్‌కీ మధ్య లింకు తెంపింది. అరుదైన గ్రూపు ఒకటి ఉందా అని అడిగింది. లింకు లేదు కాబట్టి 'ఇప్పుడు చెప్పలేను' అనాలి. అనలేదు. మూడు సీసాలున్నాయి అంది, పచ్చ రంగులో, ధీమాగా. డేటాబేస్‌లో ఆ గ్రూపు నిల్వ సున్నా చేసి మళ్ళీ అడిగింది. మళ్ళీ మూడే. అప్పుడర్థమైంది, ఆ వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఇంతకుముందు చెప్పిన జవాబుని సర్వీసు జేబులో దాచుకుంటోంది. లింకు బాగున్నంతసేపూ దాన్ని మార్చుకుంటూ ఉంటుంది, ఏ ఇబ్బందీ లేదు. లింకు తెగితే మాత్రం, కొట్టువాడు లోపలికెళ్ళి చూడకుండానే 'ఉందండీ, రండి' అన్నట్టు, పాత జవాబే కొత్తదానిలా చెప్పేస్తోంది. ఆ లింకు అప్పుడప్పుడూ తెగుతూనే ఉంటుంది. తెగినప్పుడల్లా అతికించేది ఎవరు, ఆమే.

తప్పు నమోదు చెయ్యడానికి రెండు వాక్యాలు రాసింది. అంతలో గది అవతలి వైపు నుంచి మేనేజర్ గొంతు వినిపించింది. చిన్నదాని బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "అయితే మీ ఇంట్లో ఇద్దరూ ఇక్కడే. నువ్వు పని చేస్తావు, ఆవిడ ఆపుతుంది," అన్నాడు హాస్యానికి. చిన్నది నవ్వింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. పెద్దకోడలు ఏడవలేదు. రాసిన రెండు వాక్యాలూ చెరిపేసింది. శుక్రవారం ఆసుపత్రుల వాళ్ళు వస్తారు, అందరూ ఉంటారు, అప్పుడు చూద్దాం ఎవరు నవ్వుతారో అనుకుంది. అలా అనుకోగానే రాజుకున్న పొయ్యి చల్లబడినట్టు, ఒక రకమైన హాయి కలిగింది. ఆ హాయిని చూసి ఆమెకే భయమేసింది.

సాయంత్రం బస్సులో ఇద్దరికీ పక్కపక్క సీట్లు దొరికాయి.

"అక్కా, నాది చూశావా?" అంది చిన్నది.

"చూశాను."

"ఎలా ఉంది? నిజం చెప్పు, నాకు లోపల దడగా ఉంది."

"బాగానే ఉంది."

"హమ్మయ్య. నువ్వు బాగుందంటే ఇంక నాకు భయం లేదు," అని చిన్నది ఊపిరి వదిలి, ఆమె భుజం మీద తల వాల్చి, రెండు స్టాపులు దాటేలోపే నిద్రపోయింది. పెద్దకోడలు ఒళ్ళు కర్రలా బిగబట్టుకుని కూర్చుంది. భుజం తీసేద్దామా అంటే పిల్ల తల అద్దానికి కొట్టుకుంటుంది. లేపి చెప్పేద్దామా అంటే నోరు రాలేదు. తన భుజం మీద కూడా ఇది ఎంత తేలిగ్గా నిద్రపోతోందో అని మళ్ళీ అక్కడా కుళ్ళే వచ్చింది.

గురువారం చెప్పడానికి ఒకసారి వాళ్ళ గది తలుపు దాకా వెళ్ళింది. "దాన్ని లేపకు, రేపు మీటింగు కదా, పెందలాడే పడుకోనీ. నువ్వు ఆ గిన్నెలు కానిచ్చెయ్," అంది అత్తగారు. అంతే, వెనక్కి తిరిగింది. చెప్పకపోవడానికి ఒక సాకు దొరికినందుకు అత్తగారి మీద కోపం కూడా రాలేదు.

శుక్రవారం మీటింగులో మూడు ఆసుపత్రుల నుంచి మనుషులొచ్చారు. వాళ్ళలో ఒక పెద్దాసుపత్రి నర్సు, తలలో నెరసిన వెంట్రుకలు, చేతిలో ఉన్న పెన్ను మూత తీస్తూ పెడుతూ శ్రద్ధగా వింటోంది. చిన్నది నీలం చొక్కా వేసుకుంది. బాగా మాట్లాడింది. తడుముకోకుండా, చేతులు ఆడిస్తూ, మధ్యలో చిన్న జోకు కూడా వేసి మాట్లాడింది. గోడ మీది తెర మీద పచ్చ జవాబులు టపటపా పడుతుంటే అందరూ తలలూపారు.

"సోమవారం నుంచి దీన్నే నడుపుదాం," అన్నాడు మేనేజర్. తర్వాత మాటవరసకి పెద్దకోడలి వైపు తిరిగి, "మీ వైపు నుంచి సరేగా?" అన్నాడు.

"సరే కాదు," అంది ఆమె.

లేచి, చిన్నదాని చేతిలో ఉన్న కీబోర్డు తీసుకుని లింకు తెంపింది. ఏం తెంపిందో అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. అరుదైన గ్రూపు నిల్వ సున్నా చేసి చూపించింది. సర్వీసుని అడిగింది. తెర మీద పచ్చగా, మూడు సీసాలు ఉన్నాయని పడింది.

నర్సు పెన్ను కింద పెట్టింది. "పురుడు కష్టమై రక్తం పోతున్న మనిషి ఉంటే," అంది నిదానంగా, "మేం ఈ జవాబు నమ్మి అటే బండి పంపుతాం. వేరే చోట వెతకం. అక్కడికి వెళ్ళాక లేదంటారు."

చిన్నది తెరని చూస్తూ నిలబడిపోయింది. దాని ముఖంలో రంగు పోయింది. పెద్దకోడలు రెండు రోజులుగా ఎదురుచూసింది ఈ ముఖం కోసమే. తీరా చూశాక, చూపు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నర్సు చెప్పిన మనిషి ఎవరో, ఏ మంచం మీద ఉందో, కళ్ళ ముందు ఆడుతోంది. మేనేజర్ ఆ మాటవరస ప్రశ్న అడగకపోయి ఉంటే? ఆసుపత్రివాళ్ళు వచ్చారన్న హడావుడిలో మర్చిపోయి ఉంటే? తను లేచి చెప్పేదే అని గట్టిగా అనుకోబోయింది. అంత గట్టిగా అనుకోలేకపోయింది.

మేనేజర్ ఆమెని పొగిడాడు. నర్సు వెళ్తూ వెళ్తూ చెయ్యి పట్టుకుని, "మీలాంటివాళ్ళు ఉండబట్టే," అంది. తేలుకుట్టిన దొంగలా నిలబడింది పెద్దకోడలు. సాయంత్రానికి ఇంకో మాట తెలిసింది. నిల్వల సర్వీసు పని ఇకనుంచి ఆమె కింద నడుస్తుందట. లీడ్ ఆమే. చిన్నది ఆమె చెప్పినట్టు రాయాలి. కోరుకున్నది కోరుకున్నట్టు, పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు దక్కింది.

ఆ రోజు చిన్నది వేరే బస్సులో వచ్చింది.

ఇంటికొచ్చేసరికి కథ ముందే వచ్చి కూర్చుంది. చిన్నది గది తలుపేసుకుంది, మరిది గోడకానుకుని నిలబడ్డాడు, అత్తగారు కుర్చీ చివరికి జరిగి కూర్చుంది. "ఇంటి పిల్లని నలుగురిలో నిలబెట్టి పరువు తీశావట," అంది.

"తప్పు ఉంది అత్తయ్యా. మనుషుల ప్రాణాల మీదికొచ్చే తప్పు."

"ఉంటే ఇంట్లో చెవిలో చెప్పొచ్చుగా."

అత్తగారు అన్న ఆ ఒక్కమాటా నిజమే.

శనివారం పొద్దున్న భర్త కాస్త మెత్తగా మాట్లాడాడు. మెత్తగా మాట్లాడాడంటే ఏదో అడగబోతున్నాడని ఆమెకి అలవాటే. "చూడు, తప్పు పట్టుకున్నావు, మంచిదే. కానీ ఈ లీడూ గీడూ నీకెందుకు? సాయంత్రాలు ఆలస్యమవుతుంది. అమ్మకి ఓపిక లేదు, పాప చదువు ఉంది. సోమవారం వెళ్ళి నా వల్ల కాదని చెప్పెయ్. ఇల్లూ పిల్లా ఉన్నదానివి, అర్థం చేసుకుంటారు. చిన్నదానికే మళ్ళీ ఇస్తారు. ఎవరు లీడైతేనేం, ఇంట్లో ఉన్నదేగా," అన్నాడు.

"చిన్నదాన్ని లీడ్ చేసినప్పుడు సాయంత్రాలు ఆలస్యమవుతాయని ఎవరూ అనలేదే."

"దాని సంగతి వేరు."

"ఎలా వేరు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "అదంతే," అన్నాడు చివరికి.

ఆదివారం బాల్కనీలో పట్టక పైన ఆరేసిన బట్టలు తెచ్చుకోవడానికి డాబా మీదికి వెళితే, చిన్నది అక్కడ నీళ్ళ ట్యాంకు పక్కన గట్టు మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పెద్దకోడలు వెనక్కి తిరగబోయి, తిరగలేక, బట్టలు తీస్తూ నిలబడింది.

"బుధవారం చూశానన్నావు," అంది చిన్నది.

"అన్నాను."

"అప్పటికే తెలుసా?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. లింకు తెంపి చూడాలన్న ఆలోచన శుక్రవారం పొద్దున్నే వచ్చిందని చెబితే చాలు. "తెలుసు," అంది.

"అవతల మనుషులు చచ్చిపోతారని తెలిసి కూడా దాచావా?"

"దాచాను."

చిన్నది గట్టు మీంచి లేచింది. "నేను నీకేం చేశానక్కా?"

"నువ్వేం చెయ్యలేదు. అదే. ఏమీ చెయ్యవు నువ్వు." చేతిలోని బట్టలు గుండెకి అదుముకుని, మాట ఆపుకోలేక చెప్పేసింది. "గిన్నె ముట్టవు, పళ్ళెం తియ్యవు, తలనొప్పంటే నీళ్ళొస్తాయి, మొగుణ్ణి ఒరేయ్ అంటే నవ్వులొస్తాయి. నీ చొక్కా నీడన ఆరాలి, నా బతుకు ఎండలో మాడినా ఎవరికీ పట్టదు. నా కూతురు కూడా నీలా ఉంటానంటుంది. నాకు కుళ్ళు. నువ్వంటే కుళ్ళు. చాలా?"

చిన్నది తిడుతుందనుకుంది పెద్దకోడలు. తిట్టలేదు.

"పెళ్ళయి వచ్చిన మూడో రోజు నేను వంటింట్లోకి వచ్చాను. నీకు గుర్తులేదేమో. నా చేతిలో చాకు లాక్కుని, నీకు రాదులే, వెళ్ళి చదువుకో అన్నావు. మర్నాడూ అలాగే అన్నావు. ఆ మర్నాడు నేను రాలేదు. అబద్ధమెందుకు, సుఖంగానే ఉందక్కా. ఒకరు చేసిపెడుతుంటే ఎవరు కాదంటారు? అది నా తప్పే, ఒప్పుకుంటాను." ఆగి, ముక్కు తుడుచుకుంది. "కానీ ఒకటి చెప్పు. నేను రెండేళ్ళుగా నీ చేతి వంట తిని లేచిపోతున్నాను. బావగారు పన్నెండేళ్ళుగా తిని లేచిపోతున్నారు. కుళ్ళు నా ఒక్కదాని మీదే వచ్చిందేం?"

పెద్దకోడలు చేతిలోని బట్టలు గట్టు మీద పెట్టింది.

"ఆయన మగాడు కదా అని కనపడలేదా? నన్నయితే మీటింగులో నలుగురి ముందూ నిలబెట్టావు. ఆయన్ని ఎప్పుడైనా, కనీసం వంటింటి గుమ్మంలో అయినా, నిలబెట్టావా?"

ఆ మాట అని చిన్నది మెట్లు దిగి వెళ్ళిపోయింది. పెద్దకోడలు చాలాసేపు డాబా మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ భర్తకి ఉన్నది కూడా తేలికేనని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అది ఆయన ఒంటి రంగులాంటిది, పుట్టుకతో వచ్చింది. దాని మీద కుళ్ళుకోవచ్చన్న ఆలోచనే రాలేదు. తనలాంటి ఇంకో ఆడది అందులో చిటికెడు తీసుకుంటే మాత్రం తన నోటి దగ్గరి ముద్ద లాక్కున్నట్టు మండిపోయింది. పెద్ద దొంగని కుర్చీ వేసి కూర్చోబెట్టి, చిటికెడు తీసినదాని చెయ్యి విరగ్గొట్టింది. ఆ చెయ్యి విరగ్గొట్టే తొందరలో, ఎక్కడో మంచం మీద ఉన్న ముక్కూ ముఖం తెలియని మనిషిని కూడా తొక్కుకుంటూ పోబోయింది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే మేనేజర్ గదిలోకి వెళ్ళింది. బుధవారమే తప్పు తెలిసిందని, కావాలనే చెప్పలేదని చెప్పింది. ఎందుకని అడిగాడు. "నా సొంత గొడవ. తప్పు నాది, ఆ పిల్లది కాదు," అంది. ఆయన ముఖం గట్టిపడింది. ఇలాంటిది ఇంకోసారి జరిగితే ఊరుకోనన్నాడు. జరగదంది.

"అయితే లీడ్ వద్దంటారా?" అన్నాడు.

వద్దనడం తేలికే. వద్దంటే ఇంట్లో అందరూ సంతోషిస్తారు, తప్పు చేసిందానికి శిక్ష పడినట్టూ ఉంటుంది, తనని మళ్ళీ మంచిదంటారు. "కావాలి," అంది. "కానీ రాసేది ఆ పిల్లే. దానికంటే బాగా రాసేవాళ్ళు మీ దగ్గర లేరు. నేను సరే అనేదాకా మాత్రం ఏదీ సర్వర్ ఎక్కదు. మాటవరసకి అడగడం కాదు, నిజంగా అడగాలి."

ఆయన ఆమెని కొత్తగా చూసినట్టు చూశాడు. "మీరు వద్దంటారనుకున్నాను," అన్నాడు.

చిన్నది మొదట కుర్చీ దూరంగా వేసుకుని కూర్చుంది. దాచుకున్న జవాబు ఎప్పటిదో ఆ సమయం కూడా పక్కనే రాయడం, లింకు తెగితే 'ఇప్పుడు చెప్పలేను, ఫోను చేసి కనుక్కోండి' అనడం, ఆ రెండూ సర్వీసుకి నేర్పి పంపింది. పెద్దకోడలు లింకు తెంపి అడిగింది. చెప్పలేనంది సర్వీసు, ఎర్రగా. ఇంకోలా తెంపింది. మళ్ళీ ఎర్రగానే. మూడోసారి సగం తెంపి సగం ఉంచితే తడబడింది. "ఇది చూడు," అంది. చిన్నది కుర్చీ దగ్గరికి లాక్కుంది. సాయంత్రం పొద్దు వాలి, ఊడ్చేవాళ్ళు వచ్చి కుర్చీలు ఎత్తుతున్నా ఇద్దరూ తల ఎత్తలేదు. పిల్ల వేళ్ళు కీబోర్డు మీద ఎంత చకచకా ఆడుతున్నాయో చూస్తుంటే పెద్దకోడలికి లోపల మళ్ళీ చురుక్కుమంది. కుళ్ళు ఒక్క రోజులో పోతుందా? కాకపోతే ఇప్పుడది ఎవరి మీద ఎంత రావాలో ఆమెకి తెలుసు.

ఇల్లు చేరేసరికి దీపాలు వెలిగించి ఉన్నాయి, పొయ్యి వెలిగించి లేదు. హాల్లో అత్తగారు, మరిది, పాప, భర్త, అందరూ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు, బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళలా. చిన్నది చెప్పులు విప్పి, ఏమనుకుందో ఏమో, వంటింటి వైపు నడవబోయింది. పెద్దకోడలు దాని మణికట్టు పట్టుకుని ఆపి, తన పక్కనే నిలబెట్టుకుంది.

"ఇంత ఆలస్యమా?" అన్నాడు భర్త. "ఇందుకే చెప్పాను. ఇంతకీ చెప్పావా, నీ వల్ల కాదని?"

ఆమె బ్యాగు బల్ల మీద పెట్టింది. కుర్చీ ఒకటి జరుపుకుని, ఆయన ఎదురుగా కూర్చుంది. పన్నెండేళ్ళలో ఈ వేళప్పుడు ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు. అక్కణ్ణుంచి చూస్తే వంటింటి గుమ్మం చాలా దూరంగా కనిపించింది.

"నా వల్ల కాదు," అంది.

"నాతో అంటావేం, మీ మేనేజర్‌తో కదా అనాలి?"

"ఆయనకి చెప్పాల్సింది ఆయనకి చెప్పాను," అంది ఆమె. "ఇది మీకు."